పశువుల అత్యవసర వైద్యం – పశువైద్యుల నిరంతర విద్య: ఒక చారిత్రక పరిశీలన



విజ్ఞానశాస్త్ర చరిత్ర అనగానే మీకు ఆవిష్కర్తల పేర్లు, సంవత్సరాలు గుర్తుకు వస్తాయి. పరీక్షల్లో అడిగేవి కూడా అవే. ఒక చికిత్సను కనుగొన్న సంవత్సరానికీ, అది ఒక పల్లెలోని గొడ్ల చావిడి దాకా చేరిన సంవత్సరానికీ మధ్య ఎంత కాలం గడిచిందన్న ప్రశ్నను మాత్రం పాఠ్యపుస్తకాలు తక్కువగా అడుగుతాయి. ఈ పాఠంలో ఆ ప్రశ్ననే అడుగుదాం. అందుకు పశువైద్యంలో అత్యవసర చికిత్స అనే శాఖను తీసుకుంటున్నాను. చదువు పూర్తయిన తర్వాత కూడా వైద్యుడు ఎందుకు చదువుతూ ఉండాలో ఇంత స్పష్టంగా చూపే శాఖలు తక్కువ.

నాకు పదేళ్ల వయసులో మా నాయనమ్మ గేదె ఈనిన మర్నాడే కూలబడిపోయింది. మెడ పక్కకు తిప్పి డొక్కకు ఆనించింది. చెవులు చల్లబడ్డాయి. కబురు చేస్తే పెద్ద వయసు డాక్టరుగారు సైకిలు మీద వచ్చారు. సంచిలోంచి చిన్న పంపు తీసి, నాలుగు చన్నుల గుండా పొదుగులోకి గాలి కొట్టి, గాలి బయటకు రాకుండా చన్నులను గుడ్డ పేలికలతో కట్టారు. సాయంత్రానికి గేదె లేచి నిలబడింది. ఊరంతా ఆయనను మెచ్చుకుంది. కానీ వారం తిరగకుండా పొదుగు వాచి, రెండు చన్నులు శాశ్వతంగా ఎండిపోయాయి. ఆ పాల డబ్బు మీదనే మా ఇల్లు చాలావరకు నడిచేది. ఆ గేదెకు కావలసింది ఒక సీసా కాల్షియం మందు అనీ, అది అప్పటికి ముప్పై ఏళ్లకు పైగా వాడుకలో ఉందనీ చాలాకాలం తర్వాత చదివి తెలుసుకున్నాను. డాక్టరుగారిని తప్పుపట్టలేను. తాను నేర్చుకున్నది ఆయన చక్కగా చేశారు.

మందకు వచ్చిన ఆపద

పశువైద్య విద్య పుట్టుకకు కారణమే ఒక అత్యవసర పరిస్థితి. 18వ శతాబ్దంలో ఐరోపాను రిండర్‌పెస్ట్ వ్యాధి ఊడ్చిపెట్టింది. మన రైతులు దీనినే ముసర వ్యాధి అనేవారు. ఆ నేపథ్యంలోనే 1762లో ఫ్రాన్స్‌లోని లియాన్ నగరంలో క్లాడ్ బూర్జలా మొదటి పశువైద్య పాఠశాలను ప్రారంభించాడు. మన దేశంలోనూ కథ దాదాపు ఇదే. 1889లో పుణెలో స్థాపించిన ఇంపీరియల్ బాక్టీరియాలజికల్ లాబొరేటరీ 1893లో హిమాలయాల్లోని ముక్తేశ్వర్‌కు తరలింది. దాని ప్రధానమైన పని పశువుల అంటువ్యాధుల పరిశోధన. 1954లో ముసర వ్యాధి నిర్మూలనకు జాతీయ కార్యక్రమం మొదలైంది. 2006లో భారతదేశం, 2011లో ప్రపంచం ఆ వ్యాధి నుంచి విముక్తమయ్యాయి.

ఈ విజయాన్ని ఇంతకంటే విస్తరించను. ఇక్కడ మనకు కావలసిన అంశం ఒక్కటే. టీకా వేయడం నేర్పితే, నేర్చుకున్నవాడు అదే పనిని రోజుకు వందసార్లు చేస్తాడు. ఆ నేర్పు మరచిపోవడానికి వీలుండదు. ఒంటరి పశువుకు వచ్చే ఆపద అలాంటిది కాదు. అది ఏడాదికి కొన్నిసార్లే, అర్ధరాత్రివేళ, చెప్పకుండా వస్తుంది. మందను కాపాడటానికి ఏర్పడిన విద్యావిధానం ఈ రెండో రకం ఆపదకు తగిన శిక్షణ ఇవ్వడానికి చాలా కాలం పట్టింది.

పాల జ్వరం చెప్పే పాఠం

మా గేదెకు వచ్చిన జబ్బును పాల జ్వరం అంటారు. పేరులో జ్వరం ఉన్నా, పశువు ఒళ్లు నిజానికి చల్లబడుతుంది. జబ్బు కారణం తెలియని రోజుల్లో పెట్టిన పేరు అది. 19వ శతాబ్దంలో ఐరోపాలో పాడి బాగా ఇచ్చే ఆవులే దీనివల్ల ఎక్కువగా చనిపోయేవి. 1897లో డెన్మార్క్‌లోని కోల్డింగ్ పట్టణ పశువైద్యుడు యుర్గెన్ ష్మిట్, పొదుగులో ఏదో విషం తయారవుతోందని ఊహించి, పొటాషియం అయోడైడ్ ద్రావణాన్ని పొదుగులోకి ఎక్కించాడు. ఆవులు లేచాయి! కొద్ది సంవత్సరాల్లోనే మరో సంగతి తేలింది. అయోడైడ్ అక్కర్లేదు, వట్టి గాలి కొట్టినా ఆవులు లేస్తున్నాయి. అంటే ష్మిట్ సిద్ధాంతం తప్పు, చికిత్స మాత్రం ఒప్పు. వైద్య చరిత్రలో ఇటువంటివి మీకు తరచుగా ఎదురవుతాయి.

అసలు కారణం 1925లో వెలుగు చూసింది. ఈనిన పశువు రక్తంలోని కాల్షియం ఒక్కసారిగా పాలలోకి పోవడమే జబ్బుకు మూలమని ఎడిన్‌బరోలో హెన్రీ డ్రయర్, రస్సెల్ గ్రెగ్ ప్రతిపాదించారు. రక్తంలో కాల్షియం పడిపోతోందని అదే ఏడాది లిటిల్, రైట్ అనే ఇద్దరు కొలిచి చూపారు. పొదుగులో గాలి నింపితే ఆ ఒత్తిడికి పాల ఉత్పత్తి ఆగి, కాల్షియం రక్తంలోనే నిలుస్తుంది. అందుకే గాలి పనిచేసింది. 1930లలో కాల్షియం బోరోగ్లూకోనేట్ ఇంజెక్షను వాడుకలోకి వచ్చింది. దానితో, శుభ్రంగా లేని పంపు వల్ల పొదుగువాపు వచ్చే ప్రమాదం తప్పింది.

అయితే ఇక్కడ ఒక మెలిక ఉంది. కాల్షియాన్ని రక్తనాళంలోకి వేగంగా ఎక్కిస్తే గుండె ఆగిపోవచ్చు. వైద్యుడు ఒక చేత్తో సీసా పట్టుకుని, చెవికి స్టెతస్కోపు పెట్టుకుని, గుండె లయ తప్పగానే ధార తగ్గించాలి. సీసాను ఊరికి పంపడం తేలికే. ఎంత వేగంగా ఎక్కించాలో, ఎక్కడ ఆపాలో తెలిసిన చెయ్యి సీసాతో పాటు రాదు. ఉద్యోగంలో ఉన్న వైద్యుడికి మళ్లీ శిక్షణ ఎందుకని అడిగేవారికి నేను చెప్పే జవాబు ఇదే.

కుక్క నుంచి మనిషికి, మనిషి నుంచి కుక్కకు

రెండో ఉదాహరణ ఇంకా విచిత్రమైనది. 1958లో అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయంలో గుండెకు విద్యుత్ ఘాతం ఇచ్చే పరికరాన్ని కుక్కల మీద పరీక్షిస్తున్నారు. పరికరం పలకలను కుక్క ఛాతీ మీద గట్టిగా అదిమినప్పుడల్లా రక్తపోటు కొంత పెరగడాన్ని గై నికర్‌బాకర్ అనే యువ ఇంజనీరు గమనించాడు. విద్యుత్తుతో సంబంధం లేకుండా, అదిమినందుకే పెరుగుతోంది. 1960లో కౌవెన్‌హోవెన్, జూడ్, నికర్‌బాకర్ ముగ్గురూ కలిసి ప్రచురించిన వ్యాసంతో ఛాతీని తెరవకుండా గుండెను నడిపించే పద్ధతి లోకానికి తెలిసింది. మీరు సీపీఆర్ అని వింటున్నది ఇదే. మనుషుల వైద్యంలో 1966 నాటికే దీనిని ఎవరికి ఎలా నేర్పాలన్న సిఫారసులు వచ్చాయి.

మరి కుక్కలకు? ఆధారాలన్నీ క్రమపద్ధతిలో పరిశీలించి కుక్కలు, పిల్లుల కోసం తయారుచేసిన మార్గదర్శకాలు 2012లో వచ్చాయి. ఏ జంతువు మీద కనుగొన్నారో ఆ జంతువుకు తిరిగి చేరడానికి యాభై రెండేళ్లు! ఈలోగా పశువైద్యులు చేతులు కట్టుకుని కూర్చోలేదు. మనుషుల మార్గదర్శకాలను అరువు తెచ్చుకుని, తమ అనుభవాన్ని జోడించి పనిచేశారు. 1989లో అమెరికాలో అత్యవసర, విషమస్థితి చికిత్సకు ప్రత్యేక నిపుణుల కళాశాల కూడా ఏర్పడింది. కానీ ఒక ఆసుపత్రిలో నేర్పేదానికీ మరో ఆసుపత్రిలో నేర్పేదానికీ పొంతన ఉండేది కాదు.

రికవర్ అనే పేరుతో డేనియల్ ఫ్లెచర్, మాన్యుయల్ బోలర్ నాయకత్వాన వందమందికి పైగా నిపుణులు ఆ 2012 నాటి మార్గదర్శకాలను రూపొందించారు. నిమిషానికి 100 నుంచి 120 సార్లు అదమాలి. ఛాతీ వెడల్పులో మూడో వంతు నుంచి సగం దాకా లోపలికి వెళ్లాలి. రెండు నిమిషాలకోసారి అదిమే మనిషి మారాలి, ఎందుకంటే అలసిన చేతికి తాను అలసినట్టు తెలియదు. ఆసుపత్రిలో గుండె ఆగిన కుక్కలు, పిల్లుల్లో బతికి ఇంటికి చేరేవి 6 శాతం లోపేనని, మనుషుల్లో అది 20 శాతం వరకు ఉందని ఆ పత్రాలే ఒప్పుకున్నాయి. నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచిన సిఫారసు మరొకటి. ఈ శిక్షణను కనీసం ఆరు నెలలకోసారి తిరిగి తీసుకోవాలి. అరుదుగా వాడే నేర్పు నెలల్లోనే జారిపోతుందని మనుషుల వైద్యంలో జరిగిన అధ్యయనాలు అప్పటికే చూపాయి. 2024లో ఈ మార్గదర్శకాలనే సవరించారు. అంటే 2012లో శ్రద్ధగా నేర్చుకున్నవారు కూడా మళ్లీ తరగతికి రావలసిందే.

గంటల లెక్క

బ్రిటన్‌లో రాయల్ కాలేజ్ ఆఫ్ వెటర్నరీ సర్జన్స్ 2020 నుంచి ప్రతి పశువైద్యుడూ ఏడాదికి 35 గంటల నిరంతర విద్య పూర్తిచేయాలని నిర్దేశించింది. అమెరికాలో చాలా రాష్ట్రాలు లైసెన్సు పునరుద్ధరణకు ఇలాంటి షరతులే పెట్టాయి. గంటలు లెక్కపెట్టడం సులభం కాబట్టి పాలనాయంత్రాంగాలకు ఆ పద్ధతి నచ్చుతుంది. నా అనుభవంలో చూసిన సదస్సుల్లో చాలా మంది సంతకం పెట్టి, భోజనం చేసి వెళ్లిపోయినవారే. రెండు గంటలు బొమ్మ కుక్క మీద చెమటోడ్చి నేర్చుకున్నదీ, రెండు గంటలు వెనక బెంచీలో కునుకు తీసినదీ ఆ లెక్కలో సమానమే.

మన దేశంలో 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం వైద్యుల నమోదుకూ, పట్టా చదువు ప్రమాణాలకూ పునాది వేసింది. తర్వాతి కాలంలో విధుల్లో ఉన్నవారికి విశ్వవిద్యాలయాలు, పశుసంవర్ధక శాఖలు స్వల్పకాలిక శిక్షణలు నిర్వహిస్తూ వచ్చాయి. అత్యవసర చికిత్స విషయంలో తెలుగువారికి బాగా దగ్గరి మార్పు 1962 నంబరు. తెలంగాణలో 2017లోనూ, ఆంధ్రప్రదేశ్‌లో 2022లోనూ ఈ నంబరుకు ఫోను చేస్తే పశువు ఉన్న చోటికే వచ్చే సంచార వైద్య వాహనాలు మొదలయ్యాయి. ఆ నంబరు గల సంవత్సరానికి దీనితో ఏ సంబంధమూ లేదు, పరీక్షలో పొరపాటు పడకండి. ఒకప్పుడు సైకిలు మీద వచ్చిన సంచి ఇప్పుడు వాహనమైంది. వాహనంలో మందులు ఉంటాయి, పశువును ఎత్తే ఏర్పాటు ఉంటుంది. ఈత కష్టమైన గేదె దగ్గరా, కడుపుబ్బరంతో ఊపిరాడని ఎద్దు దగ్గరా అందులోంచి దిగిన వైద్యుడికి ఆ పని చివరిసారి ఎవరు, ఎప్పుడు చేయించి చూపారన్నది వాహనం మీద రాసి ఉండదు.

ఈ పాఠానికి మీరు చేయవలసిన క్షేత్రకార్యం చిన్నదే. మీ మండలంలోని పశువైద్యశాలకు వెళ్లండి. అక్కడి వైద్యులకు తీరిక ఉన్నప్పుడు, వారికి ఇబ్బంది కలగకుండా రెండు ప్రశ్నలు అడగండి: వారు ఏ సంవత్సరంలో పట్టా తీసుకున్నారు, నేడు వాడుతున్న చికిత్సల్లో కళాశాలలో నేర్పనివి ఏవి? వాటిని ఎవరి దగ్గర నేర్చుకున్నారో కూడా చెబితే రాసుకోండి. సహోద్యోగి పేరు వస్తుందో, శిక్షణ కార్యక్రమం పేరు వస్తుందో, మందుల కంపెనీ ప్రతినిధి పేరు వస్తుందో చూడండి. ఒక్క పేజీ మించకుండా రాసి, సంప్రదింపు తరగతికి తీసుకురండి.