గాలానికి చిక్కిన చరిత్ర

మన చెరువుల చరిత్ర రాసినవారు తవ్వించిన రాజు పేరు రాశారు, కట్ట పొడవు రాశారు, ఆయకట్టు ఎన్ని ఎకరాలో రాశారు. ఆ నీళ్లలో బతికిన చేప పేరు రాసినవారు అరుదు. చెరువు చరిత్రకు శాసనం ఎంత ఆధారమో చేప పేరు కూడా అంతే ఆధారమని నా నమ్మకం. ముప్పై ఏళ్లకు పైగా తెలుగు పాఠాలు చెప్పి, ఆదివారాలు తోటి ఉపాధ్యాయులతో కలిసి గాలం పట్టుకొని చెరువు గట్ల మీద గడిపిన అనుభవంతో ఈ టపా రాస్తున్నాను.

ముందుగా మా ప్రాంతం గురించి నాలుగు మాటలు. పెను, పల్లి కలిసినప్పుడు పకారం బకారమై పెనుబల్లి అయిందని సంధి పాఠంలో పిల్లలకు చెప్పేవాణ్ణి. ఊరు విజయవాడ నుంచి భద్రాచలం వెళ్లే దారిలో ఉంది. ఉత్తరాన కనకగిరి గుట్టల అడవి. ఇది నీళ్లు విడిపోయే చోటు. అడవిమల్లెల దగ్గర లంకాసాగర్‌లో నిలిచే కట్టలేరు నీరు దక్షిణానికి పారి చివరకు కృష్ణలో కలుస్తుంది. బేతుపల్లి దిక్కున పుట్టే తమ్మిలేరు కొల్లేటికి పోతుంది. గుట్టలకు ఆవలి వాన మురేడులో, కిన్నెరసానిలో పడి గోదావరికి చేరుతుంది. ఇంత చిన్న నేల మీద పడిన వాన మూడు దారులు పట్టడం, ఆ మూడు దారుల చేపలూ మా సంతకు రావడం మా అదృష్టం.

గాలం వేయడమనే వినోదాన్ని తెల్లదొరలు తెచ్చారని కొందరి అభిప్రాయం. ఇది సరికాదు. కళ్యాణి చాళుక్య చక్రవర్తి మూడవ సోమేశ్వరుడు 1130 ప్రాంతంలో సంస్కృతంలో కూర్చిన మానసోల్లాసంలో మత్స్యవినోదానికి ప్రత్యేకంగా చోటిచ్చాడు. సుమారు 35 రకాల చేపలను పేర్కొని, ఏవి నదిలో ఉంటాయో, ఏ చేప ఏ ఎరకు వస్తుందో, గాలపు తాడు దేనితో పేనాలో, ఒకే చోట మేత వేసి చేపలను ఎలా మరిగించాలో వివరించాడు. మత్స్యశాస్త్రవేత్త సుందర్‌లాల్ హోరా 1951లో ఆ అధ్యాయాన్ని పరిశీలించి ప్రకటించాడు. ఆ కాలానికి కాకతీయులు చాళుక్యులకు సామంతులే. కనుక ఆ విద్య మనకు పరాయిది కాదు. తేడా ఒక్కటే. రాజుకది వినోదం, బెస్తలకూ ముదిరాజులకూ బతుకుతెరువు.

మా గట్టు మీది సామగ్రి చూడండి. వెదురు కర్ర, తాడు, ఇనుప కొక్కెం, నీటి మీద తేలడానికి జీలుగు బెండు, ఎరగా వానపాము. బెండు మునిగిన తీరును బట్టే కొరికింది పరిగెనో జెల్లనో చెప్పగల పెద్దలను చూశాను. పరిగె పొడిచి పొడిచి తింటుంది. వాలుగ అయితే ఒక్క గుంజు గుంజుతుంది. ఇక లోతు తక్కువ నీళ్లలో ఊత, పారే వాగులో మావు, చెరువులో విసురువల. ఇవన్నీ చేప నడకను చూసి మనిషి కల్పించుకున్నవే.

వాలుగ పేరెత్తాను కనుక దాని కీర్తి కూడా చెప్పాలి. శాస్త్రవేత్తలు ఆ చేప ప్రజాతికి పెట్టిన పేరు వల్లాగో. డచ్చి పండితుడు బ్లీకర్ 1851లో వాడిన ఆ పేరుకు మూలం మన వాలుగే. అంతకు ముందే పాట్రిక్ రస్సెల్ విశాఖపట్నంలో సేకరించిన 200 చేపల బొమ్మలను, వర్ణనలను 1803లో లండన్‌లో అచ్చు వేయిస్తూ, స్థానికులు పిలిచే పేర్లను కూడా నమోదు చేశాడు. పేరు చెప్పిన జాలరి ఎవరో గ్రంథంలో దొరకదు. అతని మాట మాత్రం ప్రపంచమంతా తిరుగుతున్నది.

కొర్రమీను సంగతి మరీ రసవత్తరం. మీను అన్న పాత ద్రావిడ పదం మన వాడుకలో ఒంటరిగా అరుదై, ఇటువంటి సమాసాలలో నిలిచింది. సంస్కృత మీనం కూడా ద్రావిడం నుంచే వెళ్లిందని భాషావేత్తలు చాలామంది అంటారు. కొర్రమీను పైకి వచ్చి గాలి పీలుస్తుంది. అందుకే నీళ్లు ఇంకిన బురదలోనూ కొన్నాళ్లు బతుకుతుంది. తల్లీ తండ్రీ పిల్లలను కాపలా కాస్తాయి. ఎర్రని పిల్లల గుంపు నీటి మీద కదులుతుంటే కింద పెద్దది ఉన్నట్టే. అప్పుడు కప్పను ఎరవేస్తే తప్పక వస్తుంది. కానీ ఆ ఒక్క చేపతో గుంపంతా దిక్కులేనిదవుతుంది. 2016లో తెలంగాణ ప్రభుత్వం దీనినే రాష్ట్ర చేపగా ప్రకటించింది.

ఎప్పుడు పట్టాలి, ఎలా పట్టాలి అన్న ప్రశ్న చట్టంలోకీ వచ్చింది. మద్రాసు సివిల్ సర్వీసుకు చెందిన హెన్రీ సల్లివన్ థామస్ 1873లో భారతదేశపు గాలపు వేట మీద ప్రసిద్ధ గ్రంథం ప్రచురించాడు. నదుల్లో చేపలు విచక్షణ లేకుండా నాశనమవుతున్నాయని హెచ్చరించిన వారిలో అతనొకడు. 1897 నాటి మత్స్య చట్టం నీళ్లలో మందుగుండు పేల్చడాన్ని, విషం కలపడాన్ని నేరం చేసింది. అది బ్రిటిషు ఇండియాకు వర్తించింది. భద్రాచలం 1860లోనే నిజాం చేతి నుంచి ఆంగ్లేయులకు వెళ్లింది కనుక అటువైపు ఆ చట్టం ఉంది. పెనుబల్లి నిజాం రాజ్యంలో ఉంది కనుక ఇటువైపు లేదు. ఒకే అడవి, రెండు న్యాయాలు. 1959లో భద్రాచలం ఖమ్మం జిల్లాలో కలిసేదాకా రెండు వైపులా పాలన వేరే.

అసలైన మార్పు 1957లో వచ్చింది. ఆ ఏడాది జులై 10న హీరాలాల్ చౌధురి ఒడిశాలో చేపలకు పీయూష గ్రంథి రసాన్ని సూదిమందుగా ఇచ్చి గుడ్లు పెట్టించడంలో సఫలుడయ్యాడు. అంతవరకూ చేపపిల్లలను వరద నదుల్లో వడకట్టి తేవలసిందే. ఆ తరువాత కేంద్రాలలో పిల్లలను పుట్టించి చెరువుల్లో వదలడం సాధ్యమైంది. బొచ్చె, రోహు, మోసు మన చెరువులన్నిటినీ ఏలసాగాయి. 2016 నుంచి తెలంగాణలో సహకార సంఘాలకు ఉచితంగా చేపపిల్లలు ఇచ్చే పథకం నడిచింది. సంఘాల సభ్యులకు కూడు పెట్టిన ఈ మార్పును నేను తప్పుపట్టను. పస్తులున్నవాడికి పరిగె పేరు కంటే బొచ్చె బరువే ముఖ్యం.

అయితే పెంపకపు చేప ఎదిగిన కొద్దీ ఊరి చేప లెక్కలోంచి జారిపోతుంది. తొలకరికి అలుగు దూకిన నీటికి ఎదురెక్కే చిరుచేపలకు సంఘం పద్దులో పేరుండదు. నేను కొత్తగా ఉద్యోగంలో చేరినప్పుడు తరగతిలో చేపల పేర్లు అడిగితే పిల్లలు ఊపిరి తిప్పుకోకుండా ఇంగిలాయి, మార్పు, బొమ్మిడాయి, గొరక, మలుగు, జెల్ల, పరిగె అంటూ చదివేవారు. పదవీ విరమణ నాటికి ఆ జాబితా నాలుగైదు పేర్లకు కుదించుకుపోయింది. చేప ఇంకా నీళ్లలో ఉండవచ్చు. దాన్ని వేరుచేసి చూసే మాట పోతే, అది కనుమరుగైన రోజున కూడా ఎవరికీ తెలియదు.

కనుక మిత్రులకు ఒక విన్నపం. మీ ఊరి చెరువులో, వాగులో దొరికే చేపలను మీ పెద్దలు ఏ పేరుతో పిలిచేవారో, ఏ కార్తెలో, ఏ ఎరకు పట్టేవారో కనుక్కొని రాయండి. నిఘంటువులు చేప భేదము అని రెండు ముక్కల్లో తేల్చేసిన పదాలకు రూపురేఖలు మీ వ్యాఖ్యలే ఇవ్వగలవు. పేరు చెప్పిన జాలరి అంగీకరిస్తే అతని పేరు కూడా రాయండి. రస్సెల్ నాటి లోపాన్ని మనమైనా దిద్దుదాం.