సిరిసిల్ల మరమగ్గాల పరిశ్రమ, ప్రాంతీయాభివృద్ధి ప్రణాళిక

తెలంగాణలో మానేరు ఒడ్డున ఉన్న సిరిసిల్ల పట్టణం మరమగ్గాలకు పేరుపొందింది. వీటిని ఇక్కడ సాంచాలంటారు. 2016 అక్టోబరు 11న కరీంనగర్ నుంచి విడివడి రాజన్న సిరిసిల్ల జిల్లా ఏర్పడింది. మిగతా జిల్లా ప్రధానంగా పల్లెలు, వ్యవసాయం. అందుకే ఉపాధి ప్రణాళిక ఎక్కువగా బట్ట చుట్టూనే తిరిగింది.

ఈ బట్ట తయారీలో యజమాని నూలు ఇస్తాడు. కొన్ని సాంచాలున్న ఆసామి ఆ నూలుతో కూలికి బట్ట నేయించి, తిరిగి యజమానికి అప్పగిస్తాడు. సాంచాల మధ్య తిరుగుతూ, తెగిన పోగును ముడివేస్తూ, కండె మార్చే కార్మికుడికి నేసిన మీటర్లను బట్టి కూలి దక్కుతుంది. సాంచా ఆగితే కూలీ ఆగుతుంది. అప్పులు, పనిలేమి ఎందరో నేతన్నల ప్రాణాలు తీశాయి.

ఇరుకు షెడ్లకు ప్రత్యామ్నాయంగా బద్దెనపల్లి దగ్గర టెక్స్‌టైల్ పార్కు ఏర్పాటైంది. పెద్దూరు వద్ద అపారెల్ పార్కుతో పాటు, కార్మికుణ్ణే యజమానిని చేసే ‘వర్కర్ టు ఓనర్’ పథకానికి షెడ్లు తలపెట్టారు. ఈ ప్రయత్నాల్లో ‘వర్కర్ టు ఓనర్’ పథకమే అన్నిటికన్నా కీలకమైనది, ఎందుకంటే ఇది స్థలంతో పాటు యాజమాన్యాన్నీ పంచాలనుకుంది.

బతుకమ్మ పండుగకు పంచే చీరల కోసం 2017లో మొదలైన రాష్ట్ర ప్రభుత్వ ఆర్డర్లు సాంచాలకు నెలల తరబడి పని కల్పించాయి. అయితే ఒకే కొనుగోలుదారుపై ఆధారపడటం ప్రమాదకరం. 2024లో ఆ చీరల పంపిణీ జరగలేదు, చాలా షెడ్లలో చప్పుడు తగ్గింది. షెడ్డు, కరెంటు, నూలు ఎంత అవసరమో బయటి మార్కెట్టూ అంతే అవసరం.