నికొటీను వెంట శాసనాలు

1828లో జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో పోసెల్ట్, రైమాన్ అనే ఇద్దరు పొగాకునుండి ఒక ద్రవాన్ని శుద్ధరూపంలో వేరుచేశారు. 1560 ప్రాంతంలో ఫ్రెంచి రాజాస్థానానికి పొగాకును పంపిన రాయబారి జాన్ నికో పేరుమీదుగా దానికి నికొటీను అనే పేరు వచ్చింది. దాని అణువులో 10 కర్బన, 14 ఉదజని, 2 నత్రజని పరమాణువులున్నవి. పొగాకు అలవాటును వ్యసనంగా మార్చేది ఇదే.

చిరకాలం నికొటీను ఆకునే అంటిపెట్టుకొని ఉండటంచేత, పొగాకుపై శాసనం చేస్తే చాలునని ప్రభుత్వాలు తలచినవి. భారతదేశపు 2003 శాసనం సిగరెట్టు, బీడీ, చుట్ట మొదలైన పొగాకు సరుకులనే పేర్కొన్నది. ఆ రోజులలోనే చైనాలో హాన్ లిక్ అనే ఔషధ నిపుణుడు ఎలక్ట్రానిక్ సిగరెట్టును రూపొందించాడు. ఇందులో ఆకు లేదు, నిప్పు లేదు. బ్యాటరీ వేడికి నికొటీను ద్రవం ఆవిరియై, సన్నని తుంపరలుగా మారి ఊపిరితిత్తులకు చేరుతుంది. మరి శాసనం దీనిని పొగాకు అనవలెనా, మందు అనవలెనా?

అమెరికాలో ఆహార ఔషధ సంస్థ మందుగా భావించి దీని దిగుమతిని అడ్డగించింది. చికిత్సకని చెప్పి అమ్మనంతవరకు ఇది పొగాకు సరుకేనని 2010లో అప్పీలు న్యాయస్థానం తీర్పు చెప్పింది. 2016లో ఆ సంస్థ ఈ సరుకును పొగాకు నిబంధనలలో చేర్చింది. అయితే అచటి నిర్వచనం పొగాకునుండి తీసిన పదార్థానికే వర్తించేది. కొందరు ఉత్పత్తిదారులు ప్రయోగశాలలో తయారైన నికొటీనును వాడి, తమ సరుకు చట్టానికి వెలుపలిదన్నారు. ఆకులో పుట్టినా, గాజుకుప్పెలో పుట్టినా నికొటీను నికొటీనే! 2022లో అక్కడి కాంగ్రెసు ఏ మూలంనుండి వచ్చిన నికొటీనైనా చట్టపరిధిలోకి వచ్చేటట్లు సవరణ చేసింది.

భారతదేశం వేరొక మార్గం తొక్కింది. 2019 సెప్టెంబరు 18న ఆర్డినెన్సును, డిసెంబరులో చట్టాన్ని తెచ్చి ఎలక్ట్రానిక్ సిగరెట్ల ఉత్పత్తిని, దిగుమతిని, అమ్మకాన్ని, ప్రకటనలను నిషేధించింది. మొదటి తప్పుకు ఏడాదివరకు ఖైదు, లేదా లక్ష రూపాయలవరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చును. ఈ చట్టం మూలాన్ని చూడలేదు. నికొటీను ఉన్నా లేకున్నా, పదార్థాన్ని వేడిచేసి పీల్చుటకు తుంపరలు కల్పించే పరికరాన్నే నిర్వచించింది. యువకులు కొత్త వ్యసనంలో పడకుండా కాపాడటం దీని ఉద్దేశం. మామూలు సిగరెట్టు అంగడిలో ఉండగా దీనినే నిషేధించటమేమని ఆక్షేపించినవారూ ఉన్నారు.

ఇంతలో పెదవికింద ఉంచుకొనే నికొటీను పొట్లాలు వచ్చినవి. వాటికి పరికరం అక్కరలేదు, వేడీ అక్కరలేదు. కనుక 2019 నిర్వచనంలో అవి ఇమడవు. ఆకును నిర్వచిస్తే ద్రవం, పరికరాన్ని నిర్వచిస్తే పొట్లం తప్పించుకొన్నవి. ఇన్ని రూపాలలోనూ మారనిది 1828లో వేరుచేసిన ఆ పదార్థమొక్కటే.