డీన్ తొలగింపు, అధ్యాపకుల ఆందోళన: సస్కాచెవాన్ విశ్వవిద్యాలయం, 2014

కెనడాలోని సస్కాచెవాన్ విశ్వవిద్యాలయం 2014 మే 14న ప్రజారోగ్య విభాగాధిపతి (డీన్) రాబర్ట్ బకింగ్‌హామ్‌ను ఉద్యోగం నుంచి తొలగించింది. ఈ ఉదంతాన్ని అధ్యాపకుల విజయగాథగా చెప్పడం పరిపాటి. వారం తిరిగేసరికి ప్రొవోస్ట్ (అధ్యక్షురాలి తర్వాతి స్థానంలోని విద్యా వ్యవహారాల అధికారి) రాజీనామా చేశారు, అధ్యక్షురాలి పదవి ఊడింది, కనుక న్యాయం గెలిచిందన్నది ఆ కథనం. తొలగించిన డీన్ పదవి మాత్రం బకింగ్‌హామ్‌కు తిరిగి దక్కలేదు. విజయగాథలు రాసినవారు ఈ సంగతిని ఒక వాక్యంలో చెప్పి దాటిపోయారు.

తగాదాకు మూలం డబ్బు. 2016 నాటికి దాదాపు నాలుగున్నర కోట్ల డాలర్ల లోటు తప్పదని లెక్కగట్టిన యాజమాన్యం ‘ట్రాన్స్‌ఫార్మ్ యూఎస్’ పేరిట ఖర్చు తగ్గింపు చేపట్టింది. రాబర్ట్ డికిసన్ 1999లో పుస్తకరూపంలో ప్రతిపాదించిన పద్ధతి దానికి ఆధారం. కోర్సులు, కార్యాలయాలన్నిటినీ బేరీజు వేసి అయిదు తరగతులుగా విడగొట్టారు. అట్టడుగు తరగతిలో పడినవాటికి కోత తప్పదు. ప్రజారోగ్య విభాగాన్ని వైద్య కళాశాలలో కలపాలన్న ప్రతిపాదన ఈ కసరత్తులోంచే వచ్చింది. ఆ వైద్య కళాశాల గుర్తింపు అప్పటికే ప్రొబేషన్‌లో ఉంది. బాగా నడుస్తున్న విభాగాన్ని తీసుకెళ్లి కష్టాల్లో ఉన్న కళాశాలకు కట్టబెట్టడం ఏ లెక్కన పొదుపో యాజమాన్యం తృప్తికరంగా చెప్పలేకపోయింది.

బకింగ్‌హామ్ 2009లో అక్కడికి వచ్చారు. అవసాన దశలోని రోగుల సంరక్షణ మీద పనిచేసి పేరు తెచ్చుకున్న పరిశోధకుడు. యువకుడిగా ఉన్నప్పుడు క్యాన్సర్ రోగి వేషంలో మాంట్రియల్ ఆసుపత్రిలో చేరారు. అక్కడ రోగులను ఎలా చూస్తారో మంచం మీద నుంచే గమనించారు. 1976లో వెలువడిన ఆ అధ్యయనం నేటికీ ప్రస్తావనకు వస్తుంది. సంస్థను లోపలి నుంచి చూసి రాయడం ఆయనకు కొత్త విద్య కాదన్నమాట. 2014 మేలో ఆయన ‘డీన్ల మౌనం’ అనే శీర్షికతో లేఖ రాశారు. ట్రాన్స్‌ఫార్మ్ యూఎస్‌తో బహిరంగంగా విభేదించవద్దని, విభేదిస్తే పదవి ఎన్నాళ్లో నిలవదని అధ్యక్షురాలు ఇలీన్ బుష్-విష్నియాక్ డీన్లను హెచ్చరించారని అందులో బయటపెట్టారు.

మర్నాడు పొద్దున ఆయన ఆఫీసుకు భద్రతా సిబ్బంది వచ్చారు. చేతికి ఉత్తర్వు ఇచ్చి, ఆవరణ దాటేదాకా వెంట నడిచారు. ప్రొవోస్ట్ బ్రెట్ ఫెయిర్‌బెయిర్న్ సంతకంతో ఉన్న ఆ ఉత్తర్వు పదవితో పాటు శాశ్వత ఉద్యోగ హక్కు అయిన టెన్యూర్‌నూ రద్దు చేసింది, క్యాంపస్‌లో మళ్లీ అడుగుపెట్టవద్దంది. అప్పటికి రిటైర్మెంట్‌కు కొద్ది వారాలే మిగిలి ఉన్నాయి. కెనడా అధ్యాపకుల సంఘం మండిపడింది. కోతల మీద రెండుగా చీలిన అధ్యాపకులు ఈ ఒక్క విషయంలో ఏకమయ్యారు.

మే 15న అధ్యక్షురాలు వెనక్కి తగ్గారు. ప్రొఫెసర్‌గా టెన్యూర్ ఉంటుందని, విభాగాధిపత్యం మాత్రం ఉండదని ప్రకటించారు. సంస్థ విధానాన్ని బహిరంగంగా తప్పుపట్టేవాళ్లు ఆ సంస్థ నాయకత్వంలో ఉండజాలరన్నది ఆమె వాదం. ఈ వ్యాసం విభేదించేది దీనితోనే. మంత్రివర్గ సమష్టి బాధ్యత లాంటిది డీన్లకూ వర్తిస్తుందని ఈ వాదం భావిస్తుంది. మంత్రికి పార్టీ ఉంటుంది, శాసనసభ ఉంటుంది, రాజీనామా చేశాక మాట్లాడేందుకు వేదిక ఉంటుంది. డీన్‌కు ఉన్నది విభాగమొక్కటే. దాన్ని మరోదానిలో కలిపేసే ప్రతిపాదన వచ్చినప్పుడు దాని తరఫున మాట్లాడకపోతే ఆయన ఉండి ఎవరికి ప్రయోజనం? రహస్య బడ్జెట్ చర్చల విషయంలో ఈ వాదానికి కొంత బలం ఉందన్నది నిజమే. ట్రాన్స్‌ఫార్మ్ యూఎస్ నివేదికలు మాత్రం బహిరంగ పత్రాలు.

ఈ విశ్వవిద్యాలయానికి ఇలాంటి గతం ఉంది. 1919లో అధ్యక్షుడు వాల్టర్ మర్రేతో తగవు పడిన నలుగురు ఆచార్యులను బోర్డు తొలగించింది. మరుసటి ఏడు విచారించిన న్యాయమూర్తులు బోర్డునే సమర్థించారు. మరోచోటా ఇలాంటిదే జరిగింది: 1958లో విన్నిపెగ్ యునైటెడ్ కాలేజీ చరిత్ర అధ్యాపకుడు హ్యారీ క్రో, సహోద్యోగికి రాసిన సొంత ఉత్తరం ప్రిన్సిపాల్ చేతిలో పడడంతో ఉద్యోగం పోగొట్టుకున్నారు. ఆ కేసును విచారించి కాలేజీ బోర్డును తప్పుపట్టిన ఇద్దరిలో వెర్నన్ ఫౌక్ ఒకరు. ఆయన సస్కాచెవాన్‌లో అర్థశాస్త్రం బోధించిన ఆచార్యుడే. కెనడాలో అధ్యాపకుడి మాటకు రక్షణ ఆ విచారణ నివేదికతో గట్టిపడింది. ఆ గొడుగు కిందికి డీన్ ఏనాడూ రాలేదు. 2014లోనూ అధ్యాపకులు కాపాడుకున్నది టెన్యూర్‌నే, పదవిలో ఉన్న మనిషి నోరు విప్పే హక్కును కాదు. అక్కడి డీన్లు మౌనంగా ఉండడానికి కారణం పిరికితనం కాదు, ఈ ఏర్పాటే.

మే 19న ఫెయిర్‌బెయిర్న్ రాజీనామా చేశారు. 21న బోర్డు అధ్యక్షురాలిని తొలగించి, గార్డన్ బార్న్‌హార్ట్‌కు తాత్కాలిక బాధ్యతలు అప్పగించింది. ట్రాన్స్‌ఫార్మ్ యూఎస్ అటకెక్కింది. బుష్-విష్నియాక్ తొలగింపు ఉత్తర్వులో బోర్డు ఏ నేరమూ మోపలేదు, తక్షణం అమలంది. ఆ పద్ధతి మీద అధ్యాపకుల్లో అంతటి ఆందోళన రేగలేదు. 2015లో ఆమె సొంతంగానే కోర్టు మెట్లెక్కారు.