స్టెప్నీలో గాలి ఉందా?

పీర్జాదిగూడలో వరంగల్ రోడ్డు పక్కన ఉన్న ఆ పంక్చర్ కొట్టుకు బోర్డు లేదు. పాత లారీ టైరొకటి నిలబెట్టి, దాని మీద సున్నంతో 'పంక్చర్' అని రాశారు, అంతే. కిందటి వానాకాలం ఒక రాత్రి, ఆ కొట్టుకు అర కిలోమీటరు ఇవతల నా కారు కుంటుతూ ఆగింది. రోడ్డు మీద పడి ఉన్న ఇనుప చువ్వ ముక్క ముందు టైరును పక్కనుంచి చీల్చేసింది. డిక్కీ తెరిచి, పట్టా ఎత్తి స్టెప్నీ బయటికి లాగితే అదీ మెత్తగా నొక్కుకుపోయింది. ఐదేళ్లుగా దాని మొహం చూసిన పాపాన పోలేదు. ఇక చేసేదేముంది? దాన్నే ఆటోలో వేసుకుని కొట్టుకు పోయాను.

"గిదేంది సార్, స్టెప్నీల గూడ గాలి లేదు!" అన్నాడు కొట్టు కుర్రాడు. నవ్వలేదు. రోజూ చూసే మొహాలే కాబోలు.

అతను దాన్ని తొట్టిలో ముంచాడు. నల్లటి నీళ్లలో చక్రాన్ని మెల్లగా తిప్పుతుంటే వాల్వు దగ్గర ఒక్కో బుడగా ఆవగింజంత లేచి పగులుతోంది. అది చూస్తూ కూర్చున్నప్పుడు, ఇంతకీ ఈ స్టెప్నీ ఎవరన్న ప్రశ్న పుట్టింది.

స్టెప్నీ మనిషి పేరు కాదు. వేల్స్ దేశంలో లనెల్లి అనే ఊళ్లో ఒక వీధి పేరు. తొలినాటి కార్లకు అదనపు చక్రం ఉండేది కాదు. చక్రం బండికే బిగిసి ఉండేది. గాలి పోతే దొర అయినా దారి పక్కన కూర్చుని టైరు ఊడదీసి, ట్యూబుకు అతుకు వేసి, చేతి పంపుతో గాలి కొట్టుకోవాల్సిందే. 1904లో ఆ వీధిలో ఇనుప సామాను అమ్ముకునే థామస్ మోరిస్ డేవిస్ ఒక ఉపాయం కనిపెట్టాడు. చువ్వలు లేని ఉత్త రిమ్ము, దాని మీద గాలి నింపిన టైరు. పంక్చరైన చక్రాన్ని విప్పకుండానే దాని పక్కన దీన్ని కొక్కేలతో బిగించి ఇంటికి పోవచ్చు. కాలు విరిగినవాడికి చంకకర్ర లాంటిదన్నమాట. కొన్నేళ్లకే విప్పి బిగించుకునే చక్రాలు వచ్చి ఆ సరుకు మూలపడింది. పేరు మాత్రం ఓడలెక్కి వచ్చి మన దగ్గర స్థిరపడింది. బ్రెజిల్‌లో ఈ రోజుకీ అదనపు చక్రాన్ని 'ఎస్టెపె' అంటారు. పుట్టిన దేశంలో మాత్రం ఆ మాట దాదాపు మరుపున పడింది. మనం దానికి సినిమా డైలాగుల్లో ఇంకో వెకిలి అర్థం కూడా అంటగట్టాం, అది వేరే కథ.

స్టెప్నీ ఒక్కటే కాదు, ఆ రోజుల్లో బండిలో ఇంకా ఏమేం మోసుకుపోవాలన్నది రోడ్డును బట్టి ఉండేది. ఈ వరంగల్ దారినే తీసుకోండి. ఉప్పల్ దాటితే ఘట్‌కేసర్, బీబీనగర్, భువనగిరి, ఆలేరు, జనగామ. మొత్తం నూట నలభై కిలోమీటర్ల పైమాట. నిజాం ప్రభుత్వ రైల్వే 1932 జూన్‌లో రోడ్డు రవాణా శాఖ తెరిచి 27 బస్సులు, 166 మంది సిబ్బందితో ప్రయాణికుల సర్వీసులు మొదలుపెట్టింది. బస్సులు గ్లాస్గోలో తయారైన ఆల్బియన్లు. 'సూర్యోదయమంత ఖాయం' అన్నది ఆ కంపెనీ తన బండ్ల గురించి చెప్పుకున్న మాట. అయినా రేడియేటరులో నీళ్లు మరిగితే ఏ సూర్యుడూ ఆదుకోడు. దారి పొడవునా ఫోనూ లేదు, మెకానిక్కూ లేడు. అందుకని నీళ్ల డబ్బా, ఇంజను తిప్పే హ్యాండిలు, పానాలు, ట్యూబులు బండితోపాటే ప్రయాణించేవి. నేటి ఆర్టీసీకి మూలం ఆ శాఖే. దాని జోనల్ వర్క్‌షాపు ఇక్కడికి నాలుగడుగుల దూరంలో ఉప్పల్‌లోనే ఉండటం నాకు భలే ముచ్చటగా అనిపిస్తుంది.

రెండో ప్రపంచ యుద్ధంలో పెట్రోలుకు రేషన్ వచ్చినప్పుడు సామాను ఇంకా పెరిగింది. అవి బొగ్గు బస్సుల రోజులు. బస్సు వెనక డ్రమ్ములాంటి పొయ్యి, దాంట్లో కట్టెబొగ్గు. క్లీనరు ముందే వచ్చి ఫ్యాను తిప్పితిప్పి నిప్పు రాజేస్తే పొగవాయువు పుట్టేది, దాంతో ఇంజను నడిచేది. కనుక బస్సులో బొగ్గు బస్తా, బూడిద గోకే చువ్వ తప్పనిసరి. ఎత్తు వస్తే బండి లాగేది కాదు, జనం దిగి తోసేవాళ్లు. అత్యవసర సామగ్రిలో ప్రయాణికులను కూడా లెక్క వేసుకోవాలేమో.

తరవాత స్కూటర్ల కాలం. వెస్పాను గీసిన కొరాడినో డాస్కానియో విమానాల ఇంజనీరు. మోటారు సైకిలు టైరు మార్చడం యాతనని గమనించి, 1946లో చక్రాన్ని ఒక పక్కే పట్టుకునేలా బండి తయారు చేశాడు. నట్లు విప్పితే చాలు, చక్రం చేతికొస్తుంది. ఆ వంశంలోదే మన చేతక్. ముందూ వెనకా ఒకటే కొలత చక్రాలు, కాబట్టి ఒక స్టెప్నీ రెండింటికీ సరిపోయేది. వెనక కూర్చున్నవాళ్లకు అదే ఆనుడు. దానికో రెగ్జిన్ తొడుగు కూడా! మా నాన్న టూల్ డబ్బాలో ప్లగ్గు పానా, ఒక స్క్రూడ్రైవరు, మడతలు పడిన ఎమ్రీ పేపరు ముక్క ఉండేవి. బండి స్టార్టు కాకపోతే ఒక పక్కకు వంచేవాడు. అప్పటికీ కాకపోతే ప్లగ్గు విప్పి, మసి గీకి, ఊది బిగించేవాడు. మెకానిక్కు దగ్గరికి వెళ్లడమంటే ఆయనకు ఓడిపోయినట్టు.

ఆ డబ్బా ఇప్పుడు చిక్కిపోయింది. ఊళ్లు రోడ్డు పక్కకు వచ్చేశాయి. ఒకప్పుడు ఊరుగా ఉన్న పీర్జాదిగూడ 2019లో కార్పొరేషనే అయింది. 2018లో శంకుస్థాపన జరిగిన ఉప్పల్–నారపల్లి ఫ్లైఓవరు ఏళ్ల తరబడి పిల్లర్లుగానే నిలబడితే, కింద కిలోమీటరుకో కొట్టు వెలిసింది. జేబులో ఫోను, 108, హైవేల మీదైతే 1033. ఆఖరికి 2020లో కేంద్రం నిబంధనలు మార్చి స్టెప్నీకే సెలవిచ్చింది. ట్యూబ్‌లెస్ టైర్లు, గాలి తగ్గితే చెప్పే మీటరు, రిపేరు కిట్టు ఉన్న చిన్న బండ్లకు అదనపు చక్రం ఇవ్వనక్కర్లేదన్నారు. జాగా మిగులుతుంది, విద్యుత్ కార్లలో బ్యాటరీకి పనికొస్తుంది. కిట్టంటే జిగురు ద్రవం, చిన్న పంపు. మేకు గుచ్చుకున్న బెజ్జాన్ని అది మూస్తుంది. నా టైరులా పక్కన చీలితే మాత్రం చేతులెత్తేస్తుంది. అందుకే స్టెప్నీ లేని కారు కొనమంటే నేను కొనను, పాతకాలం మనిషినన్నా సరే.

బండి ఆగిపోతే వెనక పెట్టాల్సిన ఎర్ర త్రికోణాన్ని మాత్రం మనం ఎప్పుడూ లెక్క చేయలేదు. కారుతోపాటే వస్తుంది, కవరు కూడా విప్పం. లారీవాళ్లకు అదీ లేకపోతే చెట్టు కొమ్మ ఉంది. బండి చెడితే వెనక పది గజాల్లో కొమ్మలు విరిచి వేస్తారు, రాళ్లు పేరుస్తారు. బాగయ్యాక లారీ వెళ్లిపోతుంది, రాళ్లు ఉండిపోతాయి. చీకట్లో ఆ రాళ్లను గుద్దుకునే బైకువాడి గతి ఎవరికి పట్టింది?

వాల్వు మార్చి, గాలి నింపి కుర్రాడు నాతోపాటే ఆటో ఎక్కాడు. కారు చుట్టూ తిరిగి చూశాడు. నేను జాకీ పెట్టబోతే ఆపాడు. చక్రం నేల మీదున్నప్పుడే నట్లు వదులు చేయాలట, లేపాక తిప్పితే చక్రమే తిరిగిపోతుందట. వానకు నానిన మట్టిలో జాకీ దిగబడకుండా కింద ఒక చెక్కముక్క వేశాడు. అది అతను వెంట తెచ్చుకున్నదే. బిగించేటప్పుడు వరసగా కాకుండా ఎదురెదురు నట్లు పట్టాడు. పావుగంట పట్టలేదు.

"దీన్ని స్టెప్నీ అని ఎందుకంటారో తెలుసా?" అన్నాను, అప్పుడే ఫోనులో చదివిన గర్వంతో.

పానా తుడుచుకుంటూ నా వైపు జాలిగా చూశాడు. "స్టెప్నీ అంటే స్టెప్నీయే గద సార్. ఇంగ్లీషుల ఏమంటరో నాకు తెల్వదు."