పాత ఆట, కొత్త యంత్రం, తప్పిపోయిన పట్టిక



మీ ఇంటి అటక మీద ఒక పాత అట్టపెట్టె ఉండే ఉంటుంది. అందులో పనిచేయని మౌసు, కొన్ని ఫ్లాపీలు, గీతలు పడిన సీడీలు ఉంటాయి. ఒక సీడీ మీద ‘ఏజ్ ఆఫ్ ఎంపైర్స్’ అన్న పేరు కనబడితే, అది మీ విద్యార్థి దశ నాటిదో తొలి ఉద్యోగం నాటిదో అయి ఉంటుంది. ఆడి చూపించమని మీ పిల్లవాడు అడుగుతాడు. తీరా చూస్తే కొత్త ల్యాప్‌టాప్‌కు సీడీ పెట్టే అరే ఉండదు. ఎక్కడినుంచో విడి డ్రైవు తెచ్చి తగిలించినా ఆట మొదలుకాదు. ఈ వస్తువు ఇలా ఎందుకు మూగబోయింది? ఈ ప్రశ్నకు జవాబు వెదికితే, అది మన తెలుగు పాఠాల దాకా వస్తుంది.

వ్యూహంతో ఆడే ఆటలు మనకు కొత్తవి కావు. హంపి శిథిలాలలో రాతినేల మీద చెక్కిన ఆటపటాలు నేటికీ కనబడతాయి. మైసూరును పాలించిన మూడవ కృష్ణరాజ ఒడెయరు (1794–1868) పటం ఆటలంటే అమిత ప్రీతి గలవాడు, స్వయంగా ఎన్నో ఆటలను రూపొందించాడు. మన పల్లెల్లో పులిజూదం సంగతి చెప్పనక్కరలేదు. మూడు పులులు, పదిహేను మేకలు. నేల మీద బొగ్గుతో గీత గీసి, చింతగింజలను మేకలు అనుకుంటే ఆట సిద్ధం. రాయి పోయినా, గింజలు మారినా ఆట పోదు. దాని నియమం మనిషి బుద్ధిలో ఉంటుంది.

కంప్యూటర్ ఆట అలాంటిది కాదు. అమెరికాలోని డల్లాస్ నగరపు ఎన్‌సెంబుల్ స్టూడియోస్ తయారుచేయగా మైక్రోసాఫ్ట్ సంస్థ 1997లో ఏజ్ ఆఫ్ ఎంపైర్స్‌ను విడుదల చేసింది. రెండవ భాగం 1999లో వచ్చింది. రాతియుగంలో కొద్దిమంది గ్రామస్థులతో మొదలుపెట్టి, కట్టె, ఆహారం, రాయి, బంగారం సమకూర్చుకొని, ఇనుపయుగం దాకా ఎదగడం మొదటి భాగంలోని కథ. ఈజిప్టు, బాబిలోను, పారశీకం వంటి పేర్లు పాఠ్యపుస్తకంలో కన్నా ముందు ఈ ఆటలోనే విన్న పిల్లలున్నారు.

బెంగళూరుకు ఈ కథలో తనదైన చోటుంది. 1996లో బ్రిగేడ్ రోడ్డులో తొలి కాఫీ డే తెరచినప్పుడు, కాఫీతోపాటు అంతర్జాలాన్ని కూడా అందించింది. తరువాతి సంవత్సరాలలో వీధివీధినా నెట్ కేంద్రాలు వెలిశాయి. వాటిలో కంప్యూటర్లను ఒకదానితో ఒకటి కలిపి కుర్రవాళ్ళు యుద్ధాలు చేసేవారు. ఆటలను తయారుచేసే ధ్రువ ఇంటరాక్టివ్ సంస్థ ఇదే నగరంలో 1997లో పుట్టింది. 2019లో దానిని రాక్‌స్టార్ సంస్థ కొన్నది.

ఇక ఆట ఎందుకు నడవదో చూద్దాం. కారణాలు అనేకం. ఆ కాలపు పలు ఆటలలో, ఆటను యంత్రంలోకి ఎక్కించే భాగం 16 బిట్ల పద్ధతిలో రాసినది. నేటి 64 బిట్ల విండోస్ ఆ పద్ధతిని గుర్తించదు. సీడీ అసలైనదా కాదా అని పరీక్షించే ‘సేఫ్‌డిస్క్’ అనే కాపలా మరికొన్ని ఆటలలో ఉండేది. భద్రతకు ముప్పని 2015లో వచ్చిన విండోస్ 10 దానిని పక్కన పెట్టింది. దొంగను ఆపడానికి పెట్టిన తాళం చివరకు యజమానినే బయట నిలబెట్టింది!

అన్నిటికన్నా చిత్రమైనది రంగుల జబ్బు. విస్టా, విండోస్ 7 వచ్చాక ఈ ఆట తెరిచినవారికి పచ్చిక ఎర్రగా, నీరు ఊదాగా కనబడిన సందర్భాలున్నాయి. ఆ ఆట ఒకేసారి 256 రంగులనే వాడుతుంది. అయితే రంగును రంగుగా రాయదు, సంఖ్యగా రాస్తుంది. ఏ సంఖ్యకు ఏ రంగో చెప్పే పట్టిక వేరుగా ఉంటుంది. మీ తరగతినే తీసుకోండి. మీరు హాజరు పట్టీ చూసి 12 అని పిలిస్తే ఒక పిల్లవాడు పలుకుతాడు. మీకు తెలియకుండా ఎవరో ఆ పట్టీని మార్చేస్తే, అదే సంఖ్యకు వేరొకడు లేచి నిలబడతాడు. ఇక్కడా జరిగింది అదే. ఆట తన సంఖ్యలను సరిగానే పిలిచింది. పట్టిక మాత్రం విండోస్ చేతిలో మారిపోయింది.

మరి మార్గమేమిటి? మొదట, సీడీ పాడవక మునుపే దాని పూర్తి ప్రతిరూపాన్ని ఒక ఫైలుగా భద్రపరచండి. తరువాత ఆట ఫైలు లక్షణాలలో పాత విండోస్‌కు అనుగుణంగా నడిపే ఎంపికను, 256 రంగుల ఎంపికను ప్రయత్నించండి. ఇద్దరు కలిసి ఆడాలంటే విండోస్ అదనపు సౌకర్యాలలో ‘డైరెక్ట్‌ప్లే’ను తెరవవలసి ఉంటుంది. ఇవేవీ ఫలించకపోతే వర్చువల్‌బాక్స్ వంటి సాధనంతో కొత్త యంత్రం లోపలే ఒక పాత యంత్రాన్ని సృష్టించి, అందులో మీ దగ్గరున్న పాత విండోస్‌ను ఎక్కించవచ్చు. లైనక్స్ వాడేవారికి వైన్ ఉంది. ఇంకా పాతవైన డాస్ కాలపు ఆటలకు 2002 నుండి డాస్‌బాక్స్ అండగా ఉంది. ఇంత శ్రమ వద్దనుకుంటే, మొదటి భాగం 2018లోను, రెండవది 2019లోను కొత్త రూపంలో వచ్చాయి, వెల చెల్లించి కొనుక్కోవచ్చు.

ఇంకొక మార్గం కూడా ఉంది. 1991 నాటి సివిలైజేషన్ ఆట స్ఫూర్తితో డెన్మార్కులోని ఆర్హుస్ విశ్వవిద్యాలయ విద్యార్థులు ముగ్గురు ఫ్రీసివ్ అనే ఆటను రాసి, 1996లో మూలరచనతో సహా లోకానికి ఇచ్చారు. యంత్రాలు మారిన ప్రతిసారీ ఎవరో ఒకరు దానిని సరిదిద్దుతూ వస్తున్నారు. పులిజూదంలాగే దాని నియమాలు కూడా అందరి సొత్తు అయ్యాయి, అందుకే అది బతికింది.

ఇప్పుడు అట్టపెట్టెలోని మిగతా సీడీలను కూడా తీయండి. మీలో చాలామంది తెలుగు పాఠాలను, ప్రశ్నపత్రాలను, బాలగేయాలను అను, శ్రీలిపి వంటి ఖతులలో టైపు చేయించి దాచి ఉంటారు. నేడు వాటిని తెరిస్తే అర్థంలేని ఆంగ్లాక్షరాలు కనబడతాయి. ఇదీ ఆ రంగుల జబ్బే. ఆ ఖతులలో ఎక్కువ భాగం ఆంగ్లాక్షరాల సంఖ్యల మీదే తెలుగు అక్షరాల ముక్కలను కూర్చోబెట్టాయి. ఫైలులో సంఖ్య క్షేమంగా ఉంది. పట్టికయైన ఖతి లేదు. ఒక సంస్థ పట్టిక మరొక సంస్థకు పనికిరాదు. యూనికోడ్ అందరికీ ఒకటే పట్టిక. 1991 నాటి మొదటి కూర్పు నుండే అందులో తెలుగు ఉంది. అందులో ‘అ’ సంఖ్య 3077, ‘క’ సంఖ్య 3093. బెంగళూరులోనైనా, భీమవరంలోనైనా, డల్లాస్‌లోనైనా ఆ సంఖ్యలు మారవు.

కనుక నా మనవి ఒక్కటే. పాత యంత్రం ఇంకా ఊపిరితో ఉండగానే, ఆ ఖతుల పేర్లు తెలిసినవారు ఇంకా మన మధ్య ఉండగానే, మీ పాఠాలను యూనికోడ్‌లోకి మార్చండి. ఖతి పేరు తెలిస్తే మార్చే సాధనాలు అంతర్జాలంలో దొరుకుతాయి. మార్చిన తరువాత ఒత్తులను, గుణింతాలను ఒకసారి కంటితో సరిచూడండి, తప్పులు చేరేది అక్కడే. ఆటను కొత్తగా చేసి అమ్మడానికి ఒక పెద్ద సంస్థ ముందుకు వచ్చింది. మీరు మూడవ తరగతి పిల్లల కోసం రాసుకున్న పాఠానికి అలాంటి సంస్థ ఏదీ రాదు. ఆ పని మనమే చేసుకోవాలి.

ఈ సెలవుల్లో పిల్లలను పక్కన కూర్చోబెట్టుకొని ముందు ఆటను బతికించండి. ఆ తరువాత పాఠాలను బతికించండి. రెండవ పని ఎందుకు అవసరమో మొదటి పనే వారికి నేర్పుతుంది.