సీ యను నక్షరము



మన గ్రామములలో నేడు కంప్యూటరు గల గృహములు కొన్ని యున్నవి. మనుమలు దానిని తెరచినపుడు తెరమీద 'సీ' యనియు, 'డీ' యనియు పేర్లు కనబడుచుండును. వానిని చూచిన పెద్దలు నన్ను రెండు ప్రశ్నలడుగుచుందురు. ఏ, బీ లేమైనవి? సీ, డీ లనునవి రెండు పెట్టెలా, ఒకటే పెట్టెయా? మొదటిదానికి ప్రత్యుత్తరము చరిత్రలో నున్నది. రెండవది తెలియకపోవుటచే ఇంటి పత్రములును, ఛాయాచిత్రములును నశించుట కలదు. కావున రెంటిని గూర్చియు మనవి చేసెదను.

తిరుగు బిళ్లలమీద అయస్కాంతశక్తిచే లెక్కలు వ్రాసియుంచు యంత్రమును ఐ.బి.యం. కంపెనీవారు 1956లో ప్రకటించిరి. అందు రెండడుగుల వ్యాసముగల బిళ్లలు 50. వానిలో పట్టినవి 50 లక్షల అక్షరములు మాత్రమే. తరువాత వచ్చిన చిన్న కంప్యూటర్లు ఇట్టి హార్డు డిస్కును భరింపజాలక, ఫ్లాపీ యను పలుచని బిళ్లతోనే పని జరుపుకొనెడివి. 1974లో అమెరికా దేశమున గ్యారీ కిల్డాల్ అను పండితుడు సీపీఎం అను మూల కార్యక్రమమును రచించెను. అందు ఫ్లాపీ నుంచు అరలకు ఏ, బీ అను నక్షరములే పేర్లు. 1981లో వెలువడిన ఐ.బి.యం. చిన్న కంప్యూటరును, దానిని నడిపిన డాసును ఈ యాచారమునే గ్రహించినవి.

1983లో అదే కంపెనీవారు ఎక్స్‌టీ యను యంత్రమున 10 మెగాబైట్ల హార్డు డిస్కు నమర్చిరి. ఏ, బీ లు ఫ్లాపీలకు చెల్లియున్నవి గనుక క్రొత్త డిస్కునకు సీ దక్కెను. నేడు ఫ్లాపీలు లేవు; సీ మాత్రము నిలిచినది. చెరువు పూడిపోయినను చెరువుకట్ట వీధి యను పేరు పోనట్లే యిదియును.

ఇక భాగముల సంగతి. ఒకే డిస్కును భాగములుగా విభజించు సదుపాయము ఆ 1983 నాటి డాసులోనే కలిగెను. డిస్కు మొదట నొక చిన్న పట్టిక యుండును. ఏ భాగమెచ్చట మొదలగునో, ఎంత పొడవో అందు వ్రాయబడును. నాటి పట్టికలో నాలుగు పద్దులకు మాత్రమే చోటుండెను. నాటి డాసు ఒక భాగమున 32 మెగాబైట్లకు మించి గుర్తింపజాలదు. డిస్కులు పెద్దవైనకొలది ఈ హద్దు ఇబ్బందియైనందున, 1987లో వచ్చిన 3.3వ డాసు మిగిలిన స్థలమును మరికొన్ని భాగములుగా చేసి, ఒక్కొక్కదానికి ఒక్కొక్క అక్షరము నిచ్చు మార్గము చూపెను. తరువాత ఆ హద్దు తొలగినను విభజించు నలవాటు నిలిచెను. అందు మేలును కలదు: మూల కార్యక్రమము చెడి సీ భాగమును తుడిచి మరల వ్రాయవలసివచ్చినపుడు, డీ భాగములోని మన పత్రములు చెక్కుచెదరవు.

అయినను ఒక్కమాట మరువరాదు. ఒకే సర్వే నంబరు పొలమును అన్నదమ్ములు పంచుకొని నడుమ గట్టు వేసికొందురు. పుస్తకములో పద్దు చెరిగినంత మాత్రమున నేల కొట్టుకొనిపోదు. అట్లే పట్టికలో భాగము తొలగినను, దానిపై మరేమియు వ్రాయక మునుపే నేర్పరి దానిని తిరిగి కనుగొనవచ్చును. కాని ఏరు పొంగినపుడు గట్టుకు ఇరుప్రక్కల నేలయు మునుగును. డిస్కు చెడిన సీయును, డీయును ఒక్కసారే పోవును.

నేనెరిగిన యొక గృహస్థు తన తండ్రిగారి ఛాయాచిత్రములను సీలో నుంచి, ప్రతులను డీలో నుంచి నిశ్చింతగా నుండెను. రెండును ఒకే డిస్కులోని భాగములు. ఆ డిస్కు చెడగా ఒక్క చిత్రమును మిగులలేదు.

కావున మీ మనుమలనడిగి తెలిసికొనుడు: సీ, డీ లు రెండు డిస్కులా, ఒకే డిస్కులోని రెండు గట్లా? గట్లే యైనచో, ముఖ్యమైనవాని ప్రతిని వేరొక డిస్కులో వ్రాయించి, వీలైన మరొక యింట నుంచుడు. అక్షరము పేరు మాత్రమే. భద్రత వేరుచోటున నున్నది.